కొమురయ్య కాక జాయింటు ఫొటో

వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెళ్లి చేయమన్నారు పెద్దలు. నేను ఒక్క అబద్ధం కూడా ఆడకుండా, ముప్పై ఏళ్లు కాపురం చేసిన మనిషికి ఇంకొకరి భార్యతో పెళ్లి చేశాను. అది కూడా పట్టపగలు, పెన్షన్ కాగితాల మీద. ఆ రోజు సాయంత్రం ఐదు గంటల్లోపు ఆ పెళ్లి రద్దు కాకపోయి ఉంటే ఒక మనిషి పెన్షను, ఒక ఇల్లాలి మర్యాద, నా రెండు చెవులు పోయేవి. చెవులు ఉన్నాయి, ఇప్పుడే తడుముకుని చూసుకున్నాను. మిగతా రెండింటి సంగతి చెబుతాను, కాస్త ఓపిక పట్టండి.

అది తొంభై తొమ్మిది. మంచిర్యాల రైల్వే స్టేషను దగ్గర మా బాపుకు ఫొటో స్టూడియో ఉండేది. నేను కరీంనగర్‌లో ఆరు నెలల కంప్యూటరు కోర్సు చేసి, నెత్తిన రెండు కొమ్ములు మొలిపించుకుని ఇంటికొచ్చాను. బాపుతో వారం రోజులు తగువులాడి ఒక కంప్యూటరు, ఒక స్కానరు, ఒక రంగుల ప్రింటరు కొనిపించాను. కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారు. కొత్త కంప్యూటరుగత్తె అన్నమే ఎరగదు. ఫొటోలో మచ్చ కనిపిస్తే తీసేసేదాన్ని, లేకపోతే ఇంకెక్కడైనా ఉందేమోనని వెతికేదాన్ని.

మా బాపుది వేరే మతం. నెగెటివ్ కడగ్గానే ఆరబెట్టి, చిన్న కాగితం కవరులో పెట్టి, దాని మీద పెన్సిలుతో పేరు, ఊరు, తేదీ రాసేవాడు. ఇరవై ఏళ్ల కిందటి నెగెటివ్ అడిగినా పాన్ నమిలేలోపు తీసి చేతిలో పెట్టేవాడు. నేను కంప్యూటరులో ఒకే ఫొటోను ఆరు రకాలుగా చేసి చూపిస్తే ముక్కు మీది కళ్లద్దాలు పైకి నెట్టుకుని అడిగాడు.

"గీ ఆరింట్ల అసలుదేది బిడ్డా?"

"ఏది నచ్చితె అదే అసలుది బాపు."

"నెగెటివ్ ఒక్కటే ఉండాలె. అసలుదేదో తెల్వకుంట ఆరున్నయంటే ఆరూ అబద్ధమే."

నేను నవ్వాను. పాత కాలపు మనిషి, పాపం, అనుకున్నాను. ఆ నవ్వుకు వడ్డీ ఎంతైందో ముందు ముందు మీకే తెలుస్తుంది.

ఆ నెలాఖరుకు నస్పూర్ నుంచి కొమురయ్య కాక రిటైరవుతున్నాడు. బొగ్గుబాయిలో ముప్పై ఏళ్లకు పైగా పని చేసిన మనిషి, మా బాపుకు పాత దోస్తు. పెన్షన్ కాగితాలకు భార్యాభర్తలు పక్కపక్కన కూర్చున్న జాయింటు ఫొటో మూడు కాపీలు కావాలి. ఆ ఫొటో లేకపోతే కాగితాలు కదలవు, రేపు భర్త పోతే భార్యకు పైసా రాదు. అంత ముఖ్యమైన ఫొటో. అయితే కాకకు, ఆయన భార్య రాజవ్వకు మధ్య పన్నెండు రోజులుగా మాటల్లేవు.

"రిటైరైనంక మా ఊరికి పోదామంటున్న బిడ్డా. హుస్నాబాద్ దిక్కు రెండెకురాలున్నది. గామె రానంటది. నస్పూర్ ఇడిచి కాలు బయట వెట్టదట," అన్నాడు కాక.

"అయితే ఫొటో ఎట్ల కాకా?"

"గందుకే నీ తాన్కి వచ్చిన. నన్ను ఇయ్యాల తియ్యి. ఆమె రేపొస్తది. కంపూటర్ల మమ్ముల కలుపు."

మీరే చెప్పండి, కొత్త కొమ్ముల పిల్లకు ఇంతకన్నా తియ్యని మాట ఉంటుందా? పెద్దమనుషులు పంచాయతీ పెట్టి కలపలేని జంటను నేను మౌసుతో కలుపుతాను! ఎగిరి గంతేశాను. వెళ్లబోతూ కాక వెనక్కి తిరిగి, గొంతు తగ్గించి ఇంకో మాట అన్నాడు.

"ఆమెను సుత జర మంచిగ చెయ్యి బిడ్డా. చూసుకుంటె కోపం తగ్గుతదేమో."

ఈ మాట గుర్తుపెట్టుకోండి. నేను పెట్టుకోలేదు.

ఆయన ఒక రోజు, ఆమె మరునాడు వచ్చి ఫొటోలు దిగి వెళ్లారు. రెండింటినీ స్కాన్ చేసి పక్కపక్కన పెడితే బస్టాండులో ఒకరికొకరు తెలియని ఇద్దరు ప్రయాణికుల్లా ఉన్నారు. కూర్చున్న తీరు కుదరలేదు, వెలుతురు కుదరలేదు. అప్పుడు నా బుర్రలో మెరుపు మెరిసింది. అంతకు పది రోజుల ముందు ఎవరో భార్యాభర్తలు తమ ఫొటో మీద పడిన టీ మరక తీయించుకోవడానికి వచ్చారు. ఆ ఫొటో కంప్యూటరులోనే ఉంది. ఒకే బెంచీ మీద చక్కగా కూర్చున్నారు. ఆవిడ పసుపుపచ్చ పట్టుచీర కట్టుకుని, ఎర్రరాయి ఉంగరం పెట్టుకున్న చెయ్యిని భర్త భుజం మీద వేసింది. ఆ భర్తను కత్తిరించి ఆయన జాగాలో కాకను కూర్చోబెడితే? తర్వాత ఆవిడను తీసి రాజవ్వను పెడితే?

మొదట భర్తను తీశాను. కాకను దించాను. తల, భుజం, చొక్కా అతికినట్టు కుదిరాయి. ఆవిడ చెయ్యి కూడా మళ్లీ కాక భుజం మీద అందంగా వాలింది. ఆ కుదురు చూసి నా మీద నాకే ముద్దొచ్చి, సగం పని మిగిలి ఉండగానే ఆ ఫైలుకు "జంట ఫైనల్" అని పేరు పెట్టి దాచాను. తర్వాత ఆవిడను తీసి రాజవ్వను పెట్టి "జంట అసలు ఫైనల్" అన్నాను. అక్కడితో ఆగితే బాగుండేది. కానీ కాక వచ్చి చూశాడు.

"నా ఎంటికెలు నల్లగ చెయ్యి బిడ్డా. గింత ముసలోడినా నేను?"

నల్లగా చేసి "జంట ఫైనల్ రెండు" అన్నాను. మధ్యాహ్నం రాజవ్వ వచ్చింది.

"ఆయనకు నల్లెంటికెలు వెట్టి నన్ను తెల్లెంటికెలతోని ఇడిచిపెడ్తవా? నేను ఆయనకు అవ్వ లెక్క కొడ్తున్న. మల్ల నా ముక్కుపుల్ల ఏది? గింత దగ్గర ఎందుకు కూసోవెట్టినవ్? జరంత అవుతలికి జరుపు."

ముక్కుపుల్ల మెరిపించాను, ఇద్దరినీ నాలుగు వేళ్లు దూరం జరిపాను, "జంట కొత్త ఫైనల్" అన్నాను. మరునాడు కాక వచ్చి మళ్లీ దగ్గరికి జరపమన్నాడు. "జంట ఇదే ఫైనల్" అన్నాను. ఒకరోజు ఇద్దరూ పది నిమిషాల తేడాతో వచ్చి నన్ను సతాయిస్తే, ఏది ఎవరి మాట ప్రకారం చేశానో నాకే అంతుబట్టలేదు. మా కోర్సు సారు ఫైళ్లకు పేర్లు ఎలా పెట్టాలో నేర్పిన రోజు నేను సెలవు పెట్టాను.

కాగితాలిచ్చే ఆఖరి రోజు రానే వచ్చింది. పొద్దున పదకొండింటికి కాక ఆటో నిలబెట్టి లోపలికి ఉరికొచ్చాడు.

"జల్దియ్యి బిడ్డా. సాయంత్రం అయిదింటికి కాగితాల సంచి గడ్తరట. ఇయ్యాల దాటితె మల్ల మూడు నెలలాగుమంటున్నరు."

నేను "ఫైనల్" అన్న మాట కనబడిన మొదటి ఫైలును నొక్కి, మూడు కాపీలు కొట్టమని ప్రింటరుకు చెప్పి, పాస్‌పోర్టు ఫొటోకు వచ్చినవాళ్ల వైపు తిరిగాను. ప్రింట్లను కాకే తీసుకున్నాడు. కళ్లద్దాలు పెట్టుకుని చూశాడు. చూసి, మీరు నమ్మరు, నవ్వాడు. ఒక్క నవ్వు కాదు, ముఖమంతా నవ్వు.

"మస్తు చేసినవ్ బిడ్డా!" అని, కవరులో పెట్టుకుని ఆటో ఎక్కాడు.

నేను గాల్లో తేలుతున్నాను. పన్నెండు గంటలకు రాజవ్వ నన్ను కిందికి దింపింది.

"ఆయన కాగితాలియ్య పోయిండట గద. నా మొకం ఎట్లొచ్చింది, జర సూపెట్టు."

గర్వంగా కంప్యూటరు ముందు కూర్చుని, పొద్దున కొట్టిన ఫైలు తెరిచాను. తెర మీద కొమురయ్య కాక. ఆయన భుజం మీద ఎర్రరాయి ఉంగరం. ఆ ఉంగరం వెనకాల పసుపుపచ్చ పట్టుచీర.

రాజవ్వ తలుపు దగ్గర చెప్పులు విడుస్తోంది. రెండడుగులు వేస్తే తెర ముందుంటుంది. ముందు నుయ్యి, వెనుక రాజవ్వ! టక్కున తెర ఆపేశాను.

"ఏమైంది బిడ్డా?"

"ఏం లేదు చిన్నమ్మా, జర వేడెక్కింది."

"నీ మొకం సుత వేడెక్కింది. చెమట్లు వడ్తున్నయ్."

ఆమెను బయటి గదిలో కూర్చోబెట్టి, చాయ్ తెప్పించి, తెరను నా వైపు తిప్పుకుని ఒక్కొక్క ఫైలూ తెరిచాను. ఒకదాంట్లో కాక జుట్టు కొబ్బరినూనె డబ్బాలో ముంచినట్టుంది. ఒకదాంట్లో రాజవ్వ ముక్కుపుల్ల బుగ్గ మీదికి వచ్చింది. "ఇదే ఫైనల్" మాత్రం పైపైన చూస్తే మర్యాదగా కనిపించింది. ప్రింటుకు ఇచ్చాను. ప్రింటరు ఒక కాపీ ఇచ్చింది, రెండోదాంట్లో ఇద్దరి నుదుళ్లు ఇచ్చింది, అంతలో కరెంటు పోయింది. పన్నెండున్నర నుంచి రెండు దాకా కోత. నాకు తెలియనిదా? తెలిసినవన్నీ ఆ రోజు మరిచిపోయాను.

ఉన్న ఒక్క కాపీని పుస్తకంలో పెట్టుకుని, బాపుకు చెప్పకుండా ఉరికాను. చెబితే ఆయన ఏమంటాడో తెలుసు. అది వినే టైము లేదు.

"నస్పూర్‌కా? నేను సుత అటే పోతున్న," అని రాజవ్వ నాకంటే ముందు ఆటో ఎక్కింది.

ఆ ఆటో ప్రయాణం పగవాళ్లకు కూడా వద్దు. బొగ్గు లారీల వెనక, దుమ్ములో, మూడు చక్రాలూ మూడు దిక్కులకు పోతున్నట్టు ఆటో ఊగుతుంటే నా ఒళ్లో పుస్తకం, పక్కన రాజవ్వ. ఆమె ఆ రోజు మంచి మనసు మీద ఉంది.

"ఎంత కోపమున్నా ఫొటోలనన్న పక్కన కూసున్నం గద బిడ్డా. అదో తుర్తి. నువ్వు మంచిపని చేసినవ్."

నేను పుస్తకాన్ని ఇంకా గట్టిగా పట్టుకున్నాను. ఆమె ఇంకో పది మాటలు మంచిగా మాట్లాడి ఉంటే నేను ఆటోలోంచి దూకేదాన్ని.

బాయి ఆఫీసుకు చేరేసరికి బయట బెంచీ ఖాళీగా ఉంది. కాక లోపలున్నాడు. పెన్షన్ కాగితాలు చూసే గుమాస్తా బల్ల ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. గుమాస్తా కాగితం కాగితం తిప్పుతూ ఫొటో దగ్గరికి వస్తున్నాడు. నేను "సారూ, ఒక్క నిమిషం" అందామని నోరు తెరిచి, ఆయన ముఖం చూసి తెరిచిన నోరు అలాగే ఉంచేశాను.

టీ మరక! ఆ మనిషే. పసుపుపచ్చ పట్టుచీర ఆవిడ భర్త. కాకను కూర్చోబెట్టడానికి నేను కత్తిరించి అవతల పారేసిన భర్త.

ఆయన ఫొటో తీశాడు. కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు. ఫొటోను కిటికీ వెలుగులోకి పట్టాడు.

"కొమురయ్యా, గీమె ఎవలు?"

"నా పెండ్లామే సార్."

"నీ పెండ్లామా?"

"ముప్పై ఏండ్ల సంది సార్."

"సరిగ్గ చూసి చెప్పు."

కాక వంగి చూశాడు. "ఆమెనే సార్. కంపూటర్ల జర మంచిగ చేపిచ్చిన. గందుకే వేరే తీర్గ కొడ్తున్నది."

గుమాస్తా లేచి నిలబడ్డాడు. "గీ చీర కొన్నది నేను! గీ ఉంగురం చేపిచ్చింది నేను! గీ బెంచీ మీద గీమె పక్కకు కూసున్నది నేను! నువ్వెప్పుడొచ్చినవ్ నడుమల?"

ఆఫీసు మొత్తం ఆగిపోయింది. టైపు కొట్టేవాళ్లు కొట్టడం మానేశారు. నేను గభాలున ముందుకు పోయి, గుక్క తిప్పుకోకుండా తప్పంతా నాదేనని, కాక అమాయకుడని, ఆవిడను కూర్చున్న జాగాలోంచి నేను కదపనే లేదని, భర్తను మాత్రమే మార్చానని చెప్పాను. ఇలా చెబితే ఆయన కోపం తగ్గుతుందని ఆ వయసులో నాకెందుకు అనిపించిందో ఇప్పటికీ తెలియదు.

"భర్తను మాత్రమే మార్చినవా?" అన్నాడాయన, చాలా నెమ్మదిగా.

"అసలుది తెచ్చిన సారూ," అని పుస్తకంలోంచి నా ఒక్క కాపీ తీసి ఇచ్చాను. ఆయన దాన్ని కూడా వెలుగులోకి పట్టాడు. వేలితో ఏదో లెక్కపెట్టాడు. మళ్లీ లెక్కపెట్టాడు.

"గీడ ఇద్దరు మనుషులు, అయిదు చేతులున్నయ్. కొమురయ్య భుజం మీదున్న గీ చెయ్యి ఎవలది?"

ఎర్రరాయి ఉంగరం. ఆవిడను తీసేశాను కానీ ఆవిడ చెయ్యిని తీయడం మరిచిపోయాను!

అప్పటిదాకా గుమ్మం దగ్గర నిలబడ్డ రాజవ్వ నెమ్మదిగా నడిచి వచ్చింది. బల్ల మీద నుంచి మొదటి ఫొటో తీసుకుని చూసింది.

"గీమెను చూసి నేననుకున్నవా?"

కాక కళ్లద్దాలు తీసి జేబులో పెట్టుకున్నాడు.

"మొకమంత మసి వట్టి మంది మంది బాయిలకెంచి పైకొస్తుంటే, కండ్లు దప్ప ఏం కనవడకపోతుండె. గా గుంపుల నీ నడక చూసి గుర్తువట్టిన నేను. సద్ది గిన్నె పట్టుకొని ముప్పై ఏండ్లు. ఒక్కపారి సుత వేరేటోని ఎంబడి పోలే. నువ్వు ఇంత వెల్తుర్ల, కండ్లద్దాలు వెట్టుకొని, నన్ను గుర్తువట్టలే."

ఆఫీసులో ఎవరూ నవ్వలేదు. ఇన్నేళ్లుగా ఈ కథ చెప్పి నేను చాలామందిని నవ్వించాను, ఇక్కడికొచ్చేసరికి మాత్రం నేనూ నవ్వను. గుమాస్తా మళ్లీ కూర్చుని, ఆ ప్రింట్లన్నీ చింపి, గడియారం చూసి అన్నాడు.

"అయిదింటికి సంచి గడ్త. గా లోపల ఇద్దరు మనుషులు, నాలుగు చేతులతోని ఫొటో తెండ్రి. కంపూటర్ పేరెత్తితె చూడనే చూడ."

తిరుగు ప్రయాణంలో ఆటోలో నేను మధ్యలో కూర్చున్నాను. ఒకవైపు కాక, ఒకవైపు రాజవ్వ. నస్పూర్ దాటాక కాక రోడ్డు వైపు చూస్తూ అన్నాడు.

"ఊరికి పోను."

రాజవ్వ కూడా తన వైపు రోడ్డునే చూస్తూ అంది. "ఎవలన్న పొమ్మన్నరా?"

"నస్పూర్ల్నే ఉంట."

"ఉండు."

ఆఫీసులో ఆమె ఒక్కతే అన్న మాటలు పక్కన పెడితే, ఇరవై రోజుల్లో వాళ్లు ఒకరితో ఒకరు మాట్లాడిన మొదటి మాటలివి. మధ్యలో కూర్చున్న నేను ఎవరినీ ఎటూ జరపలేదు.

బాపుకు మొత్తం చెప్పాను. ఆయన తిట్టలేదు. తిడితే బాగుండేది. పాత కెమెరా మీది గుడ్డ దులిపి, ఇద్దరినీ బెంచీ మీద కూర్చోబెట్టాడు. నలుపు తెలుపు ఫిలిం.

"రాజక్కా, జరంత దగ్గరికి జరుగు."

"ఆయన్నే జరుగుమను."

కాక జరిగాడు. బాపు ఒక్కసారే నొక్కాడు. రెండున్నరకు ఫిలిం కడిగాడు, మూడుంబావుకు ప్రింట్లు తీశాడు, నాలుగింటికి ఆరబెట్టాడు. నేను ఫ్యాను కింద ప్రింట్లు పట్టుకుని, గడియారం ముల్లును కళ్లతో వెనక్కి నెడుతూ నిలబడ్డాను. నాలుగుంబావుకు కవరు కాక చేతిలో పెడితే, ఆటో ఎక్కబోయినవాడు ఆగి, కళ్లద్దాలు పెట్టుకుని, ఒక ఫొటో తీసి చాలాసేపు చూశాడు.

"పొద్దు వోతుంది, ఏం చూస్తున్నవ్?" అన్నాడు బాపు.

"గీసారి ఆమెనేనా అని."

"ఫొటోల కాదు, ఇటు చూడు," అంది రాజవ్వ ఆటోలోంచి.

చూశాడు. ఐదు గంటలకు పది నిమిషాల ముందు కాగితాలు అందాయి. పెన్షను వచ్చింది. వాళ్లు నస్పూర్‌లోనే చిన్న ఇల్లు చూసుకుని ఉండిపోయారు. వారం తర్వాత గుమాస్తా సారు మా స్టూడియోకు వచ్చి, టీ మరక తీసిన తన ఫొటో పెద్ద సైజులో కావాలన్నాడు. నేను తెర ముందు కూర్చుని అరగంట వెతికాను. ఆ ఫైలు మీదే కాకను కూర్చోబెట్టి దాచేశాను కదా. పసుపుపచ్చ పట్టుచీర పక్కన సారు ఎక్కడా లేడు. బాపు చప్పుడు చేయకుండా లోపలికి వెళ్లి, పెన్సిలుతో పేరు రాసిన చిన్న కవరు ఒకటి తెచ్చి బల్ల మీద పెట్టాడు. ఆ ఫొటో తీసింది కూడా ఆయనేనట. నెగెటివ్ ఒక్కటే ఉంది.

సారు వెళ్లాక ఆ కవరు మీదే చెయ్యి పెట్టి, కిందికొచ్చిన కొమ్ముల సాక్షిగా, ఈ విధంగా ప్రమాణం చేశాను. ఎవరి భర్తనూ ఎవరి పక్కనుంచీ లేపను. ఒకరి చెయ్యి ఇంకొకరి భుజం మీద మరిచిపోను. భార్యను మంచిగా చేయమని ఏ భర్త అడిగినా, ముందు ఆమె ముఖం ఒక్కసారి సరిగ్గా చూసి రమ్మంటాను. బతికున్నంతకాలం ఏ ఫైలుకూ ఫైనల్ అని పేరు పెట్టను.

ఇదే ఫైనల్.